చోటే మాలిక్ ఆరు నెలలు: 1550లో గోల్కొండ గద్దెను తేల్చింది ఎవరు?

గోల్కొండ కోటకు ఉత్తరాన ఉన్న కుతుబ్‌షాహీ సమాధుల తోటలో, రాజ్యస్థాపకుడు సుల్తాన్ కులీ సమాధికీ అతని కొడుకు జంషీద్ సమాధికీ నడుమ ఒక చిన్న కట్టడం ఉంది. జంషీద్ సమాధి ఎనిమిది ముఖాలతో, రెండంతస్తులతో, అక్కడి రాజ సమాధులన్నిటికంటే భిన్నంగా ఉంటుంది గనుక చూసేవారి కన్ను ముందు దాని మీదకే పోతుంది. నడుమనున్నది అతని కొడుకు సుభాన్ కులీ సమాధి. తండ్రి సమాధి మీద శాసనం లేదు, కొడుకు సమాధి మీదా లేదు. తాతను జనం ‘బడే మాలిక్’ అని పిలిచేవారని తాత సమాధి శాసనమే చెబుతుంది. దానికి జోడుగా మనవడికి ‘చోటే మాలిక్’ అన్న పేరు మిగిలింది.

ఈ చిన్న మాలిక్ గద్దె మీద ఉన్నది 1550 జనవరి చివరి నుంచి జూలై చివరి దాకా, అంటే ఆరు నెలలు. అప్పటికి అతనికి ఏడేళ్లు. చరిత్ర పుస్తకాలు సాధారణంగా ఈ ఆరు నెలలను ఒక్క వాక్యంలో దాటేస్తాయి: జంషీద్ చనిపోయాడు, పసివాడైన కొడుకును కూర్చోబెట్టారు, విజయనగరం నుంచి బాబాయి ఇబ్రహీం వచ్చి రాజయ్యాడు. ఈ వాక్యంలో తప్పేమీ లేదు. కానీ చదివినవారికి ఇది రాజకుటుంబంలోని తగువుగా, పసివాడి సింహాసనాన్ని బాబాయి లాక్కున్న కథగా కనిపిస్తుంది. నా ఉద్దేశంలో ఆ సంవత్సరం గద్దె ఎవరిదో తేలింది అంతఃపురంలో కాదు, దర్బారులో కూడా కాదు. భువనగిరి, కోయిలకొండ, గోల్కొండ కోటల బురుజుల మీద కాపలా కాసే తెలుగు కాల్బలం దగ్గర తేలింది. అది అర్థం కావాలంటే కథను ఏడేళ్ల ముందు నుంచి మొదలుపెట్టాలి.

ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం నుంచి దక్కన్‌కు వచ్చిన సుల్తాన్ కులీ బహమనీ సుల్తాను మహమూద్ షా కొలువులో ఎదిగి, కుతుబ్ ఉల్ ముల్క్ బిరుదు పొంది, తెలంగాణకు తరఫ్‌దారు, అంటే రాష్ట్రాధికారి అయ్యాడు. బీదరులో బహమనీ అధికారం ఉత్త పేరుకు మిగిలిన తరవాత కూడా తాను స్వతంత్రుడినని చాటుకోవడానికి అతను తొందరపడలేదు. గోల్కొండలో కొండమీది లోపలి కోట అయిన బాలాహిసార్ ద్వారానికి దగ్గరలో 1518లో కట్టించిన జామా మసీదు శాసనంలో ప్రభువుగా కనిపించేది మహమూద్ షా పేరే. ఈ జాగ్రత్త వల్ల అతనికి ప్రాణభయం తక్కువైందేమో గానీ, అతని వారసులకు ఒక చిక్కు మిగిలింది. తరఫ్‌దారు పదవి కొడుక్కి సంక్రమించాలన్న నియమం లేదు. రాజ్యమనుకున్నా పెద్దకొడుకుకే రావాలన్న కట్టుబాటు ఆ తుర్కీ, పారసీక సంప్రదాయంలో గట్టిగా లేదు. తండ్రి ఎవరిని యువరాజు అన్నా, తండ్రి కన్ను మూసిన రోజున కోట తాళాలు, ఖజానా, సైన్యం ఎవరి చేతిలో ఉన్నాయన్నదే చివరి మాట. శుక్రవారం మసీదులో చదివే ఖుత్బా ప్రసంగంలో ఎవరి పేరు రాజుగా చదివారన్నది ఆ తరవాతి సంగతి.

సుల్తాన్ కులీకి ఆరుగురు కొడుకులు: హైదర్, కుతుబుద్దీన్, జంషీద్, అబ్దుల్ కరీం, దౌలత్, ఇబ్రహీం. హైదర్ తండ్రి బతికుండగానే పోయాడు. తండ్రి వారసుడిగా ఎంచింది కుతుబుద్దీన్‌ను. మూడోవాడైన జంషీద్ కుట్ర చేశాడన్న అభియోగం మీద గోల్కొండలోనే బందీగా ఉన్నాడు. 1543 సెప్టెంబరు 2న, తాను కట్టించిన ఆ జామా మసీదులోనే ముసలి సుల్తాన్ కులీ హతుడయ్యాడు. చంపినవాడు కోట అధికారి మీర్ మహమూద్ హమదానీ, చంపించినవాడు జంషీద్ అని వృత్తాంతాలన్నీ ఏకకంఠంతో చెబుతాయి. ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. మనకు దొరికే ముఖ్యమైన గోల్కొండ చరిత్ర 1617 ప్రాంతంలో, ఇబ్రహీం మనవడైన మహమ్మద్ కుతుబ్ షా ఏలుబడిలో పారసీలో రాసినది. జంషీద్ వంశం ఓడిపోయిన వంశం, ఇబ్రహీంది గెలిచిన వంశం. గెలిచిన ఇంటి ఉప్పు తిని రాసిన చరిత్రలో జంషీద్‌కు మంచి మాట దక్కుతుందని ఆశించలేం. అయినా హత్య జరిగిన మరుక్షణమే జైలు గది నుంచి గద్దె మీదకు నడిచివచ్చినవాడు జంషీదే గనుక, ఈ ఒక్క విషయంలో ఆ చరిత్రను అనుమానించడానికి పెద్దగా కారణం కనిపించదు.

జంషీద్ చేసిన మొదటి పని అన్న కుతుబుద్దీన్ కళ్లు తీయించడం. ఈనాటి మనసుకు ఇది వట్టి క్రూరత్వంగా తోస్తుంది, క్రూరత్వమే కూడా. అయితే దానికి ఆనాటి రాజకీయంలో ఒక లెక్క ఉంది. అంధుడు రాజుగా పనికిరాడు. దండు ముందు నిలబడలేడు, అతని పేరు మీద ఎవరూ తిరుగుబాటు లేవదీయలేరు. రాజరక్తాన్ని చిందించిన పాపం తగలకుండా పోటీదారును ఆట నుంచి తప్పించే దారి అది. గుల్బర్గాలో 1397లో బహమనీ సుల్తాను గియాసుద్దీన్‌ను తుఘల్‌చిన్ అనే తుర్కీ సర్దారు విందుకు పిలిచి కళ్లు తీయించి, అతని స్థానంలో షంసుద్దీన్‌ను కూర్చోబెట్టిన కథ దక్కన్ కొలువుల్లో అందరికీ తెలిసినదే. అదే ఏడాది చివరికి ఫిరోజ్ షా ఆ ఇద్దరినీ దాటి సుల్తాను అయ్యాడు. జంషీద్ కొత్తగా కనిపెట్టినదేమీ లేదు.

మిగిలిన తమ్ముళ్లలో దౌలత్‌ను మతిస్థిమితం లేనివాడన్నారు. నిజంగా లేదో, ఉన్నా లేదనిపించుకోవడమే ప్రాణానికి మేలైందో గానీ, అతను భువనగిరి కోటలో బందీగా ఉండిపోయాడు. ఏకశిల మీద కట్టిన ఆ కోటను ఈనాడు వరంగల్ రైల్లో పోతూ చూసేవారికి అక్కడినుంచి తప్పించుకోవడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు. అందరికంటే చిన్నవాడు ఇబ్రహీం ఆ సమయానికి దేవరకొండలో ఉన్నాడు. తండ్రి హత్య వార్త తెలియగానే ముందు బీదరుకు పరుగెత్తాడు. అక్కడి బరీద్ షా తన ఏనుగుల మీదా సొమ్ము మీదా కన్నేశాడని పసిగట్టి, విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయానికి చేరాడు. అక్కడ ఏడేళ్లు ఉన్నాడు.

జంషీద్ పాలన ఏడేళ్లలో యుద్ధాలకూ పొత్తులకూ కొదవలేదు. బీజాపురం, అహమదునగరం, బీదరు, బీరారు, విజయనగరం నడుమ ఎవరు ఎవరితో కలిస్తే ఎవరికి నష్టమో లెక్కలు వేయడంలో అతను ఆరితేరినవాడు. బీజాపురంలో చిక్కుకున్న అలీ బరీద్‌ను విడిపించి మళ్లీ బీదరు గద్దె మీద కూర్చోబెట్టడం అతని నేర్పుకు గుర్తు. పారసీలో కవిత్వం కూడా రాశాడు. చివరి కాలంలో మాత్రం తీరని వ్యాధితో మంచాన పడ్డాడు. 1550 జనవరి 22న అతను చనిపోయేనాటికి గోల్కొండలో పరిస్థితి ఇది: పోటీదారులందరినీ వరసగా తొలగించడం వల్ల రాజ్యాన్ని మోయగల పెద్దవాడు కోటలో ఒక్కడూ మిగల్లేదు. తన కొడుక్కి అడ్డు రాకూడదని చేసినదంతా ఆ కొడుకును దిక్కులేనివాడిగా నిలబెట్టింది.

ఏడేళ్ల సుభాన్‌కు పట్టం కట్టడం వరకు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అసలు ప్రశ్న పిల్లవాడి పేరున పాలించేది ఎవరన్నది. రాజమాత, ఆమె పక్షాన ఉన్న సర్దారులు అప్పట్లో అహమదునగరంలో ఉన్న సైఫ్ ఖాన్ ఐన్ ఉల్ ముల్క్‌ను పిలిపించి పెత్తనం అప్పగించారు. కోటలో ఉన్న సర్దారుల్లో ఎవరికి అప్పగించినా మిగిలినవారికి కంటగింపు అవుతుందని, బయటినుంచి వచ్చినవాడైతే అందరికీ సమదూరంలో ఉంటాడని వారు అనుకుని ఉండాలి. జరిగింది దానికి సరిగ్గా ఎదురు. బయటినుంచి వచ్చినవాడికి లోపల ఎవరి అండా లేదు గనుక అధికారమంతా తన గుప్పిట్లోకి తీసుకోబోయాడు. దాంతో అంతవరకు ఒకరి మొహం ఒకరు చూడని వర్గాలు అతని మీద కోపంతో దగ్గరయ్యాయి.

ఆ వర్గాల్లో ప్రధానమైనది నాయక్వారీలది. వీరి గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. నాయక్వారీలు తెలుగు కాల్బలపు కోటకాపులు, వారి పైన నాయకులు. కాకతీయుల కాలంలో నాయంకర పద్ధతిలో కోటలూ ఊళ్లూ నాయకుల చేతిలో ఉండేవి. సైన్యాన్ని పోషించి, పిలిచినప్పుడు పంపడం వారి బాధ్యత. ఓరుగల్లు పడిపోయాక, ముసునూరి కాపయ నాయకుడి నుంచి గోల్కొండ బహమనీల చేతికి వెళ్లాక కూడా ఆ కోటల చుట్టూ ఉన్న మనుషులు ఎక్కడికీ పోలేదు. పై ప్రభువు మారాడు, జీతం ఇచ్చే చేయి మారింది, బురుజు మీద కాపలా కాసేవాడు మాత్రం అదే ఊరివాడు, అదే భాషవాడు. కుతుబ్‌షాహీ సైన్యంలో ఇరాన్ నుంచి, మధ్యాసియా నుంచి వచ్చిన అశ్వికులు యుద్ధరంగంలో మెరిసేవారు. కానీ కొండకోటను పట్టడానికి గుర్రం పనికిరాదు. రాత్రిపూట ఏ ద్వారం తెరవాలో, దిడ్డిదారి ఎక్కడుందో, తిండిగింజలు ఎన్ని నెలలకు సరిపోతాయో తెలిసినవాడు కాల్బలపు నాయకుడే. ఒక కోటలోని నాయక్వారీలకు పక్క కోటలోని నాయక్వారీలతో బంధుత్వాలు, రాకపోకలు ఉండటం సహజం. గోల్కొండ రాజ్యం ఇటువంటి కోటల దండ లాంటిది. ఆ దండను గుచ్చిన దారం వీరి చేతిలో ఉంది.

1550లో వీరికి పెద్ద జగదేవరావు. సైఫ్ ఖాన్ పెత్తనం నచ్చక అతను వేసిన మొదటి ఎత్తు ఇబ్రహీం కాదు, దౌలత్. భువనగిరిలో బందీగా ఉన్న ఆ ‘పిచ్చి’ రాజకుమారుణ్ని విడిపించి సుల్తానుగా నిలబెట్టబోయాడు. ఈ వివరం చాలామంది దాటేసేదే అయినా, మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే ఎక్కువ చెప్పేది ఇదే. మతి సరిగా లేదని పేరుపడ్డవాణ్ని గద్దె మీద కూర్చోబెట్టదలచినవాడు మంచి రాజు కోసం వెతుకుతున్నాడని అనలేం. తమ మాట దాటని రాజు కోసం వెతుకుతున్నాడు. పసివాడి పేరున సైఫ్ ఖాన్ ఏలినట్టే, దౌలత్ పేరున జగదేవరావు ఏలేవాడు. రెండు పక్షాల పద్ధతీ ఒక్కటే, ముందు పెట్టుకున్న ముఖమే వేరు. సైఫ్ ఖాన్ వెంటనే దండెత్తి వచ్చి భువనగిరిని ముట్టడించాడు. జగదేవరావు ఓడి, పట్టుబడి, గోల్కొండలో బందీ అయ్యాడు.

సైఫ్ ఖాన్ చేసిన పెద్ద పొరపాటు ఇక్కడే జరిగిందని నా అభిప్రాయం. నాయక్వారీల పెద్దను నాయక్వారీలే కాపలా కాసే కోటలో బంధించాడు.

భువనగిరిలో ఓటమితో దౌలత్ దారి మూసుకుపోయింది. సైఫ్ ఖాన్‌తో పొసగని వారందరికీ ఇక మిగిలిన రాజకుమారుడు విజయనగరంలో ఉన్న ఇబ్రహీం ఒక్కడే. పరాయి కొలువులో ఉన్నా అతను ఊరికే కూర్చోలేదు. రామరాయలు అతనికి ఇచ్చిన జాగీరు అంతకుముందు అంబర్ ఖాన్ అనే హబ్షీ, అంటే అబిసీనియా మూలం ఉన్న సర్దారుది. తన భుక్తి పోయిందన్న కసితో అంబర్ ఖాన్ అతన్ని ద్వంద్వయుద్ధానికి పిలిచాడని, ఇబ్రహీం కత్తికి బలయ్యాడని పారసీ చరిత్రకారుడు ఫిరిస్తా రాశాడు. కొంచెం అతిశయోక్తి ఉన్నా ఉండవచ్చు. భావి రాజుకు ఇటువంటి కథ ఒకటి ఉండటం చరిత్రకారులకు ఇష్టం. ఇబ్రహీం రాజకుమారుడే కాక కత్తి పట్టగలవాడన్న పేరు గోల్కొండ దాకా చేరిందన్నది మనకు కావలసిన సంగతి. రామరాయల వైపు నుంచి చూస్తే ఇబ్రహీంను ఏడేళ్లు పోషించడం దానం కాదు, పెట్టుబడి. దక్కన్ సుల్తానులు ఒకరితో ఒకరు కొట్టుకునేలా చూడటం ఆయన రాజనీతి. గోల్కొండలో తనకు రుణపడిన రాజు ఉంటే బీజాపురానికి ఒక పక్క నుంచి ఎప్పుడూ గుబులే.

గోల్కొండ నుంచి కబురు అందాక, వెంట సైన్యాన్ని పంపుతానని రామరాయలు అన్నాడనీ, విజయనగర సేనతో వస్తే గోల్కొండ వాళ్లు బెదురుతారని ఇబ్రహీం దాన్ని సున్నితంగా కాదన్నాడనీ వృత్తాంతాలు చెబుతాయి. నిజమైతే అతని తెలివికి ఇది మంచి రుజువు. పరాయి దండుతో వచ్చినవాడు కోటను గెలవవచ్చు గానీ, కోటకాపుల మనసు గెలవలేడు. కృష్ణ దాటి అతను మొదట పానగల్లు చేరాడు. అక్కడ ముస్తఫా ఖాన్ అర్దిస్తానీ వచ్చి కలిశాడు. ఇరాన్‌లోని అర్దిస్తాన్ నుంచి వచ్చిన ఈ సర్దారు గోల్కొండ కొలువులో పెద్ద తలకాయ. అతను సుభాన్ పక్షం వదిలాడంటే పడవ మునుగుతోందని మిగతావారికి అర్థమైపోయింది. ఇబ్రహీం అతన్ని మీర్ జుమ్లా, అంటే ప్రధానమంత్రి చేశాడు, తరవాత తన చెల్లెలిని ఇచ్చి పెళ్లి కూడా చేశాడు.

పానగల్లు తరవాత మజిలీ కోయిలకొండ, నేటి మహబూబ్‌నగర్ జిల్లాలోనిది. ఆ కోట నాయక్వారీలు ఇబ్రహీంకు విధేయులమని ప్రమాణం చేశారు. అది నోటిమాటతో పోలేదు, తెలుగులో రాతి మీద చెక్కారు. సింహాసనం కోసం దారిలో ఉన్న ఒక రాజకుమారుడికి, అతనింకా రాజు కాకముందే, కోటకాపులు సమష్టిగా మాట ఇచ్చి దాన్ని శిలాశాసనం చేయడం మన చరిత్రలో తరచుగా కనిపించే సంగతి కాదు. శాసనమంటే మామూలుగా రాజు ప్రజలకు ఇచ్చేది. ఇది కోటకాపులు రాజుకు ఇచ్చినది. బేరంలో ఎవరి చేయి పైన ఉందో ఆ రాయి చెబుతుంది.

కోయిలకొండ నుంచి గోల్కొండ నాయక్వారీలకు వర్తమానం వెళ్లింది. వాళ్లు లోపలినుంచే పని ముగించారు. బందీగా ఉన్న జగదేవరావును విడిపించి, కోటను వశం చేసుకుని, ఇబ్రహీం పేరు ప్రకటించారు. సైఫ్ ఖాన్‌కు పారిపోవడం తప్ప దారి లేకపోయింది. రాజధాని కోట మీద ముట్టడి లేదు, ఫిరంగి మోత లేదు. 1550 జూలై 27న ఇబ్రహీం గోల్కొండలో పట్టాభిషిక్తుడయ్యాడు. సుభాన్ కులీ ఏలుబడి ఆ రోజుతో సరి. ఆ ఆరు నెలల్లో ఆ పిల్లవాడు తీసుకున్న నిర్ణయమంటూ ఒక్కటీ కనిపించదు. అతని పేరున ఇతరులు తీసుకున్నవే అన్నీ.

ఈ ఘటనను రెండు తేలికైన చట్రాల్లో ఇరికించే అలవాటు ఉంది. మొదటిది మతం. హిందూ నాయక్వారీలు, హిందూ రామరాయలు కలిసి తమ మనిషిని నిలబెట్టుకున్నారన్నది ఆ వాదన. అయితే ఆ ‘తమ మనిషి’ కూడా సుల్తాన్ కులీ కొడుకే, అతన్ని మొదట కలిసి బలం చేకూర్చినవాడు ఇరానీ ముస్తఫా ఖాన్. జగదేవరావు ముందు పందెం కట్టింది రామరాయలకు ఏ సంబంధమూ లేని దౌలత్ మీద. రెండో చట్రం దక్కనీలకూ ఆఫాకీలకూ, అంటే స్థానిక ముస్లిం సర్దారులకూ విదేశాల నుంచి వచ్చినవారికీ మధ్య వైరం. బహమనీ మంత్రి మహమూద్ గవాను తల తీయించిన వైరం అదే గనుక ప్రతి దక్కన్ తగాదాలోనూ దాన్నే వెతకడం పరిపాటి అయింది. గోల్కొండ 1550 దానికి ఒదగదు. ఇక్కడ ఆఫాకీ ఒకడు దక్కనీ మీద గెలవలేదు, దక్కనీ ఆఫాకీ మీదా గెలవలేదు. ఈ రెండు లెక్కల్లోనూ లేని మూడో వర్గం ఎటు మొగ్గితే అటు తక్కెడ ఒరిగింది.

పారసీ వృత్తాంతాలు ఈ మూడో వర్గానికి ఇచ్చిన చోటు తక్కువ. రాసినవారు కొలువు మనుషులు, వారి కంటికి ఆనేవారు అమీర్లు. ఫిరిస్తా అయితే బీజాపురంలో కూర్చుని రాశాడు. కోయిలకొండ రాయి లేకపోతే నాయక్వారీలు మనకు పేర్లు లేని గుంపుగానే మిగిలేవారు.

ఇబ్రహీం ముప్ఫై ఏళ్లు, 1580 దాకా ఏలాడు. విజయనగరంలో గడిపిన ఏడేళ్లు అతనికి తెలుగు రుచి చూపించాయంటారు. అద్దంకి గంగాధర కవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ అంకితం పుచ్చుకున్నది అతనే. తెలుగు కవుల నోట మాలిక్ ఇబ్రహీం ‘మల్కిభరాముడు’ అయ్యాడు. ఈ ఆదరణను వట్టి సాహిత్యాభిరుచిగా మాత్రమే చూడటం నాకు సమ్మతం కాదు. తెలుగు కోటకాపుల ప్రమాణంతో రాజైనవాడికి ఆ భాషలో కీర్తి ఉండటం అభిరుచి ఎంతో అవసరమూ అంతే.

అయితే రుణం ఉన్నచోట అనుమానం కూడా ఉంటుంది. రాజును చేసినవాడు రాజును మార్చనూగలడని ఇబ్రహీంకు తెలుసు, జగదేవరావుకు ఇంకా బాగా తెలుసు. కొన్నేళ్లకు జగదేవరావు ఇబ్రహీంను దించి మళ్లీ ఆ భువనగిరి దౌలత్‌నే కూర్చోబెట్టే కుట్రలో ఉన్నాడన్న సంగతి బయటపడింది. తోడుదొంగగా తేలిన రాయరావు అనే మంత్రి తల పోయింది. జగదేవరావు మాత్రం తప్పించుకున్నాడు. ముందు ఎలగందుల, తరవాత బీరారు, చివరికి కృష్ణ దాటి విజయనగరం. పన్నెండు పదమూడేళ్ల కిందట తలుపు తట్టిన ఇబ్రహీంకు ఆశ్రయమిచ్చిన రామరాయలే, ఇప్పుడు ఇబ్రహీం నుంచి పారిపోయి వచ్చిన జగదేవరావుకూ చోటిచ్చాడు.